పిండి అయ్యేదాకానే హోటలు

మొన్న ఆదివారం పొద్దున తమ్ముడు విజయవాడ నుంచి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, పెసరట్ల మామయ్యగారు పోయారు" అన్నాడు. అప్పుడు నేను హైదరాబాద్‌లో మా హోటలు వంటింట్లో ఉన్నాను. బఫే మొదలు కావడానికి గంట కూడా లేదు. పొంగలి గిన్నెలు పైకి వెళ్తున్నాయి, కుర్రాళ్ళు చట్నీలు సర్దుతున్నారు. నాకు పెనం ముందు నిలబడడం నేర్పిన మనిషి పోయాడన్న సంగతి ఆ హడావుడిలో ఎవరికీ చెప్పలేదు. రాత్రి ఇంటికి వచ్చాక రాయడానికి కూర్చున్నాను.

నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. మీరు ఇంత పెద్ద హోటల్లో చెఫ్ కదా, మీకు ఇష్టమైన తిండి ఎక్కడ దొరుకుతుంది అని. నేను చెప్పే పేర్లన్నీ మా విజయవాడలో సత్యనారాయణపురం నుంచి గాంధీనగర్ దాకా, నడిచి వెళ్ళగలిగే దూరంలోవే. వాటిలో సగం ఇప్పుడు లేవు. మామయ్యగారి హోటలు ఎప్పుడో మూతపడింది, ఇప్పుడు ఆయనా లేరు. జ్ఞాపకం ఉన్నంతవరకు రాసి పెట్టాలనిపించింది.

*

ఆ రోజుల్లో సత్యనారాయణపురం మధ్యలోంచి రైలు వెళ్ళేది. గుడివాడ మీదుగా బందరు పోయే లైను. గేటు పడితే అటూ ఇటూ రిక్షాలు, సైకిళ్ళు, పాల క్యాన్ల వాళ్ళు బారులు తీరేవారు. గేటు దగ్గర ఉడకబెట్టిన వేరుశెనగకాయలు, ఉప్పూ కారం రాసిన జామకాయలు అమ్మేవాళ్ళకు అదే బేరం. పాసింజరు నిదానంగా వెళ్ళేది, దానికి తగ్గట్టు మేమూ నిదానంగా తినేవాళ్ళం.

గేటుకు నాలుగిళ్ళ అవతల మామయ్యగారి హోటలు. హోటలని మేం అనుకోవడమే తప్ప బోర్డు లేదు. ఇంటి ముందుగదిలో రెండు బల్లలు, గోడ వారగా పొయ్యి, దాని మీద మందపాటి ఇనుప పెనం, మూలన గల్లాపెట్టె. ఆయనకూ మాకూ చుట్టరికం లేదు. మా అమ్మ ఆయన్ను అన్నయ్యగారూ అని పిలిచేది కాబట్టి మాకు మామయ్యగారు అయ్యారు.

నాలుగున్నరకల్లా వాళ్ళింట్లో రుబ్బురోలు చప్పుడు మొదలయ్యేది. పొత్రం తిరుగుతుంటే ముందు గరగరమనేది, పిండి మెదిగేకొద్దీ ఆ గరగర తగ్గి మెత్తని రాపిడిగా మారేది. ఎక్కడ ఆపాలో ఆయన చెవితోనే తెలుసుకునేవారు. ఆ తర్వాత రేడియోలో భక్తిరంజని, ఆ వెనకే ప్రాంతీయ వార్తలు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో మొదలైంది కనుక మా అమ్మానాన్నల తరం నుంచీ మా వీధిలో తెల్లవారడానికి గుర్తు ఆ గొంతులే. వార్తలు అయ్యేసరికి పెనం మీద మొదటి అట్టు పడేది.

అట్టు వేయడానికి ముందు ఆయన చేసే పనులను రెప్ప వేయకుండా చూసేవాణ్ణి. పెనం మీద నీళ్ళు చిలకరించి కొబ్బరి ఈనెల చీపురుతో ఊడ్చేవారు. నూనెలో ముంచిన సగం ఉల్లిపాయతో పెనమంతా రుద్దేవారు. గరిటెడు పిండి మధ్యలో పోసి, గరిటె అడుగుతోనే లోపల్నుంచి బయటకు తిప్పుకుంటూ పోయేవారు. సన్నగా తరిగిన అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, జీలకర్ర పైన చల్లి అరచేత్తో మెల్లగా అదిమేవారు. చుట్టూ నూనె వేశాక ఆవిరితో లేచే ఆ వాసనలో పచ్చిపెసల కమ్మదనం, అల్లం ఘాటు రెండూ విడివిడిగా తెలిసేవి. ఎన్నో దేశాల వంటలు వండాను. పొద్దున్నే ఆకలి పుట్టించడంలో దానికి సాటి వచ్చే వాసన నాకు ఎక్కడా ఎదురు కాలేదు.

పెసరట్టు పిండికి ఒక స్వభావం ఉంది. ఇడ్లీ పిండి పులిస్తేనే ఇడ్లీ. పెసరపిండి పులిస్తే పాడయినట్టే. పొట్టుతో ఉన్న పెసలు రాత్రి నానబెట్టి, కరకరలాడడానికి గుప్పెడు బియ్యం కలిపి, తెల్లవారుజామున రుబ్బి, వెంటనే వేసుకోవాలి. బెజవాడ ఎండల్లో పది దాటితే దాని రంగు మారుతుంది, రుచి తిరుగుతుంది. ఇప్పుడైతే ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం దాకా నడిపిస్తారు. ఆ తేడా తినేవాళ్ళకు తెలియదని అనుకుంటారు, కానీ తెలుస్తుంది. పేరు పెట్టి చెప్పలేకపోయినా రెండో అట్టు అడగరు.

మామయ్యగారు రోజుకు ఒక్క వాయే రుబ్బేవారు. అది తొమ్మిదిన్నరకో, పండగ రోజైతే ఎనిమిదిన్నరకో అయిపోయేది. ఆ తర్వాత ఎవరు వచ్చినా ఒకటే మాట. "పిండి అయిపోయింది నాయనా, రేపు రా." పొయ్యి ఆర్పేసి, బల్లలు గోడకు నిలబెట్టి, నేల కడిగేసేవారు. పది గంటలకు ఆ గది మళ్ళీ మామూలు ఇల్లు. అత్తయ్యగారు అక్కడే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకునేవారు.

*

నాన్నగారు గాంధీనగర్‌లో ఒక సినిమా పంపిణీ ఆఫీసులో గుమాస్తా. అప్పట్లో కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల హాళ్ళకు బొమ్మలు వెళ్ళేది గాంధీనగర్ నుంచే. ఆఫీసు వరండాలో రీళ్ళ రేకు పెట్టెలు పేర్చి ఉండేవి. వాటి మీద సినిమా పేరు, ఊరి పేరు సుద్దతో రాసి రిక్షాలో స్టేషనుకు పంపేవారు. పెట్టెతోపాటు వెళ్ళి వసూళ్ళు చూసుకుని వచ్చే రిప్రజెంటేటివ్‌లు తెల్లవారుజామున ఏదో ఒక రైలు దిగేవారు. దిగగానే వాళ్ళు వెళ్ళేది బాబాయ్ హోటలుకు.

1942 నాటి హోటలు అది. ఆదివారాలు నాన్నగారు నన్ను అక్కడికి తీసుకెళ్ళేవారు. వేడి వేడి ఇడ్లీల మీద వెన్న ముద్ద, పక్కన కారప్పొడి, కొబ్బరి చట్నీ. పక్క బల్ల మీద ఎవరెవరో ఫలానా ఊళ్ళో బొమ్మ రెండో వారం నిలబడిందనో, ఫలానా హాల్లో మ్యాట్నీకి జనం లేరనో మాట్లాడుకునేవారు. నాకు ఆ కబుర్లు అర్థమయ్యేవి కావు. వెన్న మాత్రం అర్థమైంది.

ఇడ్లీ మీద నెయ్యి వేస్తే ఎక్కువ భాగం జారి పళ్ళెంలోకి పోతుంది. వెన్నలో నీరూ, పాల అంశమూ, చిలికిన పెరుగు తాలూకు చిన్న పులుపూ ఉంటాయి. అది వేడికి కరిగి ఇడ్లీ గుల్లల్లోకి దిగుతుంది, కారప్పొడి మంటను అక్కడే పట్టి ఆపుతుంది. అందుకే ఆ జత అంత బాగా కుదిరింది. ఈ వివరణ నాకు చాలా ఏళ్ళ తర్వాత, వెన్న గురించి చదువుకున్నప్పుడు తట్టింది. నాలుకకు మాత్రం ఎనిమిదేళ్ళ వయసులోనే తెలుసు.

*

ఆంధ్ర ప్రాంతంలో మొదటి సినిమా హాలు, మారుతీ టాకీసు, 1921లో వచ్చింది మా ఊళ్ళోనే. మా చిన్నతనానికి గాంధీనగర్, గవర్నరుపేటల్లో ఏ సందు తిరిగినా హాలు కనిపించేది. ఇంగ్లీషు బొమ్మలకు నవరంగ్, తెలుగు బొమ్మలకు అలంకార్, అప్సర. హాళ్ళ వెంట బళ్ళు. ఆటకీ ఆటకీ మధ్య అరగంటలో వాళ్ళు అమ్మే తీరు చూసి తీరాలి. మొదటి ఆట వదిలే బెల్లు వినబడగానే నూనెలో వాయి పడేది. జనం గేటు దాటి రోడ్డు మీదకు వచ్చేసరికి జల్లిగరిటెతో తీస్తుండేవారు.

నాకు ఇష్టమైన బండి మాత్రం హాళ్ళ దగ్గరిది కాదు, మా రైలు గేటు దగ్గరి పునుగుల పిన్నిది. ఆమె పిండి రుబ్బేది కాదు. మధ్యాహ్నం రెండు టిఫిన్ హోటళ్ళకు వెళ్ళి పొద్దున మిగిలిన అట్ల పిండి కొనుక్కునేది. సాయంత్రానికి అది బాగా పులిసేది. అందులో కాస్త మైదా, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి, ఒక దిక్కుగా చేత్తో గట్టిగా గిలకొట్టేది. గాలి పట్టిన పిండి కనుక నూనెలో వేయగానే పైకి తేలేది. వేళ్ళతో వదిలే తీరు చూస్తే చేయి కదిలినట్టే ఉండేది కాదు, బాండీ నిండిపోయేది. పుల్లటి పిండి పునుగుకు పైన కరకర, లోపల గుల్ల. తియ్యటి పిండితో వేస్తే లోపల ముద్దగా ఉంటుంది. నూనె మరీ కాగితే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. ఇవి నేను పుస్తకంలో నేర్చుకోలేదు. స్కూలు సంచీ భుజాన వేసుకుని ఆ బండి పక్కన నిలబడి నేర్చుకున్నాను.

పొద్దుటి హోటల్లో మిగిలింది సాయంత్రం బండిలో అయిపోయేది. పునుగుల అడుగున రాలిన కరకరల పొడిని పిన్ని కాగితంలో పొట్లం కట్టి డబ్బులు లేని పిల్లలకు ఇచ్చేది. ఎనిమిదింటికి బండి మీద ఏమీ ఉండేది కాదు.

*

తాగడానికి వేసవిలో గోలీ సోడా. హిరామ్ కాడ్ అనే ఇంగ్లీషు ఆయన 1872లో ఆ సీసాకు పేటెంటు తీసుకున్నాడని తర్వాత చదివాను. మెడలో గోలీ, మూతి లోపల రబ్బరు రింగు. చెక్క పెట్టెలో సీసాలు బిగించి గ్యాసు ఎక్కిస్తూ గిరగిర తిప్పితే, లోపలి ఒత్తిడికి గోలీ పైకి వచ్చి రింగును అంటుకుని మూతలా నిలుస్తుంది. బొటనవేలితో గోలీని లోపలికి నొక్కినప్పుడు వచ్చే కీచుమన్న చప్పుడుకు ఎంత దూరాన ఆడుకుంటున్నా పిల్లలు తలలు తిప్పేవారు. నిమ్మకాయ, ఉప్పు వేసుకుంటే ఒక ధర, సుగంధి పానకం పోయించుకుంటే ఇంకో ధర. సుగంధి వేళ్ళు మరిగించి చక్కెర పాకంలో కలిపిన ఆ ఎర్రటి పానకం వాసన ఇప్పటికీ నాకు వేసవి సెలవుల వాసనే. మా హోటల్లో నిమ్మ సోడాకు రెండు చుక్కల సుగంధి కలిపి ఇస్తున్నాను. తెలుగువాళ్ళు మొదటి గుక్కకే గుర్తుపడతారు.

ఏలూరు కాలువ గట్టున తాటిముంజెలు. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు వెతుక్కుని, అటే నడిచి, కాలువ ఒడ్డున నిలబడి తినేవాళ్ళం. నాన్నగారు బొటనవేలు దించి కన్ను పగలగొట్టి నీళ్ళు చింది పోకుండా పీల్చేవారు. లేత ముంజె అంటే చాలు, ఆయన ముఖంలో పని అలసట పోయేది.

ఇక కాఫీ. సత్యనారాయణపురం మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఉండిన పేట. శివరామకృష్ణ క్షేత్రంలో త్యాగరాజ ఉత్సవాలు జరిగినన్నాళ్ళూ రాత్రి పొద్దుపోయేదాకా కచేరీలు. ఆ రోజుల్లో మాత్రం దగ్గర్లోని కాఫీ హోటలు పొయ్యి ఆరేది కాదు. తంబూరా శ్రుతి ఒక పక్క, డికాక్షన్ వాసన ఒక పక్క. పాట అర్థమయ్యే వయసు కాదు నాది, కాఫీ ఇచ్చే వయసూ కాదు. నాన్నగారి గ్లాసు అడుగున నా కోసం మిగిల్చిన గుక్కెడు చేదుతీపి ఇంకా నాలుక మీద ఉంది. పాలు అప్పటికప్పుడు కాచి కలిపేవారు. ఒకసారి కాచి మళ్ళీ మళ్ళీ వేడి చేసిన పాలతో కాఫీ కలపడం తప్పని నేను ఈనాటికీ మా వాళ్ళతో గొడవ పడుతుంటాను.

*

ఇంటర్ తప్పనిసరిగా చదవాలని నాన్నగారి పట్టు. చదివాను. సెలవుల్లో మాత్రం మామయ్యగారి దగ్గర పనికి చేరాను. మొదట్లో ఆకులు తుడవడం, నీళ్ళు పెట్టడం. తర్వాత అల్లం పచ్చడి నూరడం. అల్లం, చింతపండు, బెల్లం, ఎండుమిర్చి. బెల్లం నాలుక చివర తగలాలి, అల్లం గొంతులో తగలాలి, అంతే ఆయన చెప్పిన కొలత. పెనం దగ్గరికి రానివ్వడానికి చాలా కాలం పట్టింది. వచ్చిన రోజు, "చేతిని తొందరపెట్టకు అబ్బాయీ, పెనం నీకు చెప్తుంది" అని పక్కన నిలబడ్డారు. నీళ్ళు చిలకరించినప్పుడు చుక్కలు పెనం మీద దొర్లుతూ పోతే ఇంకా వేడి ఎక్కువ ఉన్నట్టు, బుస్సుమని అక్కడికక్కడే ఆవిరైతే పిండి పోయవచ్చు. ఆ చప్పుడు చెప్పినట్టు థర్మామీటర్ చెప్పలేదు నాకు.

1992లో కృష్ణా పుష్కరాలు వచ్చాయి. పన్నెండు రోజులు ఊరు ఊరంతా జనం. ఘాట్ల నుంచి స్టేషను దాకా ఎక్కడ చూసినా తడి బట్టల మూటలతో యాత్రికులు. ప్రతి హోటలూ పందిళ్ళు వేసింది, బయటి నుంచి వంటవాళ్ళను తెచ్చింది. మామయ్యగారి బావమరిది వచ్చి, ఇద్దరు మనుషుల్ని పెట్టుకుంటే ఏడాది సంపాదన ఈ పన్నెండు రోజుల్లో వస్తుందని చెప్పాడు. మామయ్యగారు విన్నారు. మర్నాడు కూడా ఒకటే వాయి రుబ్బారు. నేను అడగకుండా ఉండలేకపోయాను. "ఇంకొకరు రుబ్బింది ఎలా ఉందో నాకు తెలియదురా. తెలియంది ఎవరికి పెట్టను?" అన్నారు. ఎనిమిదికల్లా పిండి అయిపోయింది. గుమ్మం ముందు నిలబడ్డ ముసలి దంపతులను చూసి, లోపలికి పిలిచి, అత్తయ్యగారు ఇంటికోసం వండిన ఉప్మా పెట్టించారు. డబ్బు తీసుకోలేదు.

నా పనిలో నేను దేనికైనా తిరిగి చూసుకునే కొలబద్ద ఆ పన్నెండు రోజులు.

*

ఒక మెస్సు సంగతి కూడా చెప్పాలి. కాలేజీ పిల్లలు, కోచింగులకు వచ్చినవాళ్ళు, ఒంటరి గుమాస్తాలు నెలవారీ టికెట్ల పుస్తకంతో తినే చోటు అది. అరిటాకు, కందిపొడి, నెయ్యి, పప్పు, గోంగూర, పులుసు, పెరుగు. శనివారం ఉలవచారు. ఎడ్లకు పెట్టడానికి ఉలవలు ఉడకబెట్టిన నీటిని పారబోయకుండా, చింతపండు పులుసు పోసి చిక్కబడేదాకా మరిగించి, పైన మీగడ వేసుకుని తినడం కృష్ణా, గుంటూరు రైతుల ఇళ్ళలో పుట్టిన రుచి. గంటల తరబడి కట్టెల పొయ్యి మీద మరిగితే తప్ప ఆ నలుపు రాదు, ఆ చిక్కదనం రాదు. మెస్సువాళ్ళు శుక్రవారం రాత్రే పొయ్యి మీద పెట్టేవారు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో పిండి కలిపి చిక్కబరచిన ఉలవచారు పెడుతున్నారు. నేను తినను.

*

ఇప్పుడు నేను పని చేసే చోట ఏదీ అయిపోకూడదు. పదిన్నరకు తలుపులు మూసేదాకా ప్రతి గిన్నె నిండుగా కనబడాలి. ఆఖరి అతిథి ఒక్కరే ఉన్నా ముప్ఫై మందికి సరిపోయే ఇడ్లీలు ఆవిరి మీద ఎండుతుంటాయి. వాటి గతేమిటో రాయడానికి చేయి రావడం లేదు. నిండిన గిన్నె చూసి అతిథి సంతోషిస్తాడని మాకు నేర్పారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. మామయ్యగారి గుమ్మంలో రేపు రమ్మనిపించుకున్న మనిషి మర్నాడు ఏడింటికే వచ్చేవాడు, సంతోషంగానే వచ్చేవాడు.

కొన్నాళ్ళ కిందట పట్టుబట్టి ఒక మూల పెసరట్ల పెనం పెట్టించాను. రుబ్బురోలు దొరకలేదు, రాతి గ్రైండరు పెట్టాం. రోజుకు ఒక్క వాయి. అయిపోతే పెనం కడిగేస్తాం. మొదట్లో కొందరు అతిథులు నొచ్చుకున్నారు. ఇప్పుడు ఏడున్నరకే దిగుతున్నారు. ఆ పెనం ముందు నిలబడే కుర్రాడు తెనాలి పిల్లవాడు. నీళ్ళ చప్పుడు వినడం వాడికి వచ్చేసింది.

*

రైలు పట్టాలు ఎప్పుడో తీసేశారు. ఆ దారిలోనే బస్సుల కోసమని తలపెట్టిన బి.ఆర్.టి.ఎస్. రోడ్డు పడింది. గేటు ఎక్కడ ఉండేదో మా తమ్ముడికి కూడా కచ్చితంగా చెప్పడం రాదు. మామయ్యగారి ఇంటి చోట అపార్టుమెంటు లేచింది. చివరి రోజుల్లో కూతురి దగ్గర ఉండేవారు. పోయినసారి చూడడానికి వెళ్ళినప్పుడు మంచం మీద కూర్చుని, నా అరచేయి తిప్పి చూసి, కాలిన మచ్చలు ఎక్కువ లేవని మెచ్చుకున్నారు. మా హోటల్లో పెసరట్టు పెట్టానని చెబితే ముందుగా అడిగింది, పిండి మిగులుతోందా అని. మిగలడం లేదని చెప్పాను.

పునుగుల పిన్ని బండి మాత్రం ఉంది. పిన్ని లేదు, ఆమె కోడలు నడుపుతోంది. గేటు దగ్గర నుంచి నాలుగు అడుగులు జరిగి, ఇప్పుడు ఆ కొత్త రోడ్డు వారన ఒక వేపచెట్టు కింద పెడుతోంది. పిండి ఇప్పటికీ పొద్దుటి హోటళ్ళ నుంచే తెచ్చుకుంటోంది. విజయవాడ వెళ్ళేవాళ్ళు ఎవరైనా అడిగితే నేను చెప్పే మొదటి చోటు అదే. అయిదున్నరకు బండి తెరుస్తుంది. మొదటి వాయికి నూనె ఇంకా కుదురుకోదు, రెండో వాయి దాకా ఆగండి. కొబ్బరి చట్నీ బాగానే ఉంటుంది కానీ, కారప్పొడి అడిగి వేయించుకోండి. ఏడున్నర దాటాక వెళ్ళవద్దు.